డాట్సన్ 240 జెడ్‌కు బ్రేకులు మార్చిన పని: నా అనుభవం

నా దగ్గర 1972 నాటి డాట్సన్ 240 జెడ్ ఉంది. నిస్సాన్ సంస్థ 1969 చివరలో జపానులో విడుదల చేసి, మరుసటి ఏడాది నుంచి అమెరికాలో 3,526 డాలర్లకు అమ్మిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఇది. ఆరు సిలిండర్ల 2,393 సీసీ ఇంజను, నాలుగు చక్రాలకూ స్వతంత్ర సస్పెన్షన్, సుమారు 1,050 కిలోల బరువు కలిసి, తనకంటే ఎంతో ఖరీదైన యూరోపు కార్ల సరసన దాన్ని నిలబెట్టాయి. ఇంజను విషయంలో గానీ, మలుపు తిరిగే తీరులో గానీ ఈనాటికీ నేను దానికి వంక పెట్టలేను. బ్రేకులు మాత్రం ఆ కాలపు అవసరానికి తగ్గట్టుగా అమర్చినవి. ముందు చక్రాలకు గాలి సందులు లేని పలుచటి డిస్కులు, ప్యాడ్లతో డిస్కును నొక్కి పట్టే ఒక్కొక్క క్యాలిపర్‌లో ఎదురెదురుగా రెండు పిస్టన్లు ఉంటాయి; వెనక చక్రాలకు, లోపలి నుంచి షూలు ఒత్తి ఆపే అల్యూమినియం డ్రమ్ములు ఉంటాయి. తొక్కే బలాన్ని పెంచే వాక్యూమ్ బూస్టరూ, ముందుకూ వెనక్కూ వేరువేరుగా ఆయిల్ పంపే రెండు గదుల మాస్టర్ సిలిండరూ కంపెనీ ఇచ్చినవే కాబట్టి, పునాది బలహీనమైనదేమీ కాదు.

నేను ఉండేది కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో. ఊరికి తూర్పున మౌంట్ హామిల్టన్ ఉంది. శిఖరం మీద 1888లో పూర్తయిన లిక్ అబ్జర్వేటరీ ఉంది. దాని నిర్మాణానికి సామాను చేరవేసే గుర్రపు బండ్లు ఎక్కగలగాలన్న ఉద్దేశంతో 1876లో వేసిన రోడ్డు కనుక, వాలు ఎక్కడా 6.5 శాతం దాటదు. ఆ మెత్తదనాన్ని చూసి బ్రేకులకు ఇది సులువైన దారి అనుకుంటారు గానీ, నా అనుభవంలో అది నిజం కాదు. వాలు తక్కువగా ఉంచడానికి రోడ్డును కొండ చుట్టూ వందల మలుపులు తిప్పారు. మలుపు మలుపుకూ బ్రేకు మీద కాలు పెట్టవలసి వస్తుంది, ఒక మలుపుకూ మరో మలుపుకూ మధ్య డిస్కులు చల్లారేంత వ్యవధి దొరకదు. నిటారుగా దిగి త్వరగా ముగిసే కొండకంటే ఇలాంటి ఘాట్ రోడ్డే పాత బ్రేకులను ఎక్కువగా పరీక్షిస్తుందని నా అభిప్రాయం.

శిఖరం నుంచి స్మిత్ క్రీక్ వంతెన దాకా దిగే భాగంలో నా కారు బ్రేకులు సన్నగిల్లేవి. ఎలా సన్నగిల్లుతున్నాయన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం, ఎందుకంటే బ్రేకు తగ్గడంలో రెండు వేర్వేరు రోగాలున్నాయి. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత బలంగా తొక్కినా కారు ఆగకపోతే, ప్యాడ్ల పదార్థం తన హద్దుకు మించి వేడెక్కి పట్టు కోల్పోయిందని అర్థం. పెడల్ మెత్తబడి కిందికి జారిపోతూ ఉంటే, బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టాయని అర్థం. ఆయిల్ నలగదు గానీ ఆవిరి నలుగుతుంది కాబట్టి, మనం తొక్కిన దూరమంతా బుడగలను నొక్కడానికే ఖర్చయిపోతుంది. నా కారులో మొదట మొదటి లక్షణం కనిపించేది, దానితో పాటు కాలిన వాసన వచ్చేది. కొండ అడుగుకు చేరేసరికి రెండోదాని ఛాయలు కూడా మొదలయ్యేవి. అంటే లోపం వేడిలో ఉంది, బిగింపు బలంలో కాదు. చదునైన రోడ్డు మీద ఒక్కసారి గట్టిగా తొక్కితే ఆ పాత బ్రేకులే ముందు చక్రాలను లాక్ చేయగలిగేవి. చక్రం లాక్ అయ్యేంత బలం ఉన్న తరువాత కారు ఎంత దూరంలో ఆగుతుందన్నది టైర్ల పట్టు నిర్ణయించే విషయం కనుక, ఎంత పెద్ద క్యాలిపర్ వేసినా ఆ ఒక్క ఆగడం పొట్టిది కాదు.

ఈ మాటను లెక్కతో చూస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఇద్దరు మనుషులూ పెట్రోలూ కలిపి కారు 1,200 కిలోలు ఉందనుకుంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపడానికి బ్రేకులు మింగవలసిన శక్తి దాదాపు 4.6 లక్షల జౌళ్లు. అదే కారు వేగం పెరగకుండా 100 మీటర్ల ఎత్తు దిగితే వదిలించుకోవలసినది 11.8 లక్షల జౌళ్లు. శిఖరం నుంచి స్మిత్ క్రీక్ దాకా సుమారు 600 మీటర్ల ఎత్తు దిగుతాం. ఇంజనూ గాలీ ఏమీ సాయపడకపోతే అది 100 కిలోమీటర్ల వేగం నుంచి వరసగా పదిహేను సార్లు ఆపడంతో సమానం. రెండో గేరులో దిగితే ఇంజను అందులో మంచి భాగం తీసుకుంటుంది, నిజమే. మిగిలినదానిలో మూడింట రెండు వంతులకు పైగా ముందు డిస్కుల మీదే పడుతుంది. ఆ వేడిని దాచుకునేంత ఇనుమూ, దాన్ని గాలికి వదిలేసే సందులూ పాత డిస్కులకు లేవు.

ఈ కారు యజమానులలో ఏళ్లుగా చలామణిలో ఉన్న మార్పు ఒకటుంది. టయోటా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ట్రక్కులకు వాడిన నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు 240 జెడ్ స్ట్రట్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ భాగం) మీది బోల్టు రంధ్రాలకు నేరుగా సరిపోతాయి. ఇందులో రెండు దారులున్నాయి. 1979 నుంచి 1985 వరకు వచ్చిన ట్రక్కుల క్యాలిపర్ పాత పలుచటి డిస్కు మీదే కూర్చుంటుంది, కాబట్టి పని తేలిక. ఆ తరువాత వచ్చిన వెడల్పాటి ఎస్12డబ్ల్యూ క్యాలిపర్‌కు మందమైన, లోపల గాలి సందులున్న డిస్కు కావాలి. దానికి 1980ల నడుమ వచ్చిన నిస్సాన్ 300 జెడ్ఎక్స్ డిస్కును, చక్రం బిగించే హబ్‌కూ డిస్కుకూ మధ్య ఒక స్పేసర్ వేసి వాడతారు. మొదటి దారిలో ప్యాడ్లు పెద్దవవుతాయి గానీ, వేడిని మోసే డిస్కు పాతదే ఉండిపోతుంది. ఊళ్లో తిరిగే కారుకు అది చాలు. కొండ దిగే కారుకు నేను దాన్ని సిఫారసు చేయను. అందుకే రెండో దారి ఎంచుకున్నాను. మార్కెట్లో అల్యూమినియం క్యాలిపర్లతో తయారైన పూర్తి కిట్లు దొరుకుతాయి, అవి బరువు కూడా తగ్గిస్తాయి. కానీ ప్యాడ్లూ సీళ్లూ మామూలు విడిభాగాల దుకాణంలో ఎప్పుడైనా దొరికేలా ఉండాలన్నది నా కోరిక. డబ్బు విషయంలోనూ మొత్తం పని వెయ్యి డాలర్ల లోపే ముగిసింది.

క్యాలిపర్ మారిస్తే పని ముందు చక్రాల దగ్గర ఆగిపోదు. కొత్త క్యాలిపర్ పిస్టన్ల మొత్తం వైశాల్యం పాతదానికంటే ఎక్కువ కాబట్టి, వాటిని అంతే దూరం కదిలించడానికి ఎక్కువ ఆయిల్ పంపాలి. పాత మాస్టర్ సిలిండర్‌తో అయితే పెడల్ మరింత లోతుకు వెళ్తుంది. ఇందుకోసం ఇదే వరసలో తరువాత వచ్చిన 280 జెడ్ఎక్స్ కారు 1979–81 నాటి మాస్టర్ సిలిండర్ వాడతారు. పాతదాని లోపలి వ్యాసం 7/8 అంగుళం, దీనిది 15/16 అంగుళం. తేడా ఒక అంగుళంలో పదహారో వంతే అయినా, వైశాల్యం 15 శాతం దాకా పెరుగుతుంది: అదే దూరం తొక్కితే 15 శాతం ఎక్కువ ఆయిల్ కదులుతుంది, అదే బలంతో తొక్కితే పీడనం 13 శాతం తగ్గుతుంది. ముందు చక్రాల దగ్గర పెద్ద పిస్టన్లు ఆ తగ్గుదలను పూడ్చేస్తాయి. వెనక డ్రమ్ములలో సిలిండర్లు పాతవే కనుక అక్కడ పూడ్చేవారెవరూ లేరు. ఆ విధంగా వెనక చక్రాల వాటా, మనం వాటిని ముట్టుకోకుండానే, తగ్గిపోతుంది. దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. ముందు చక్రాలు ముందుగా లాక్ కావడం క్షేమమే, కారు తిన్నగా పోతుంది. వెనకవి ముందుగా లాక్ అయితే కారు గిర్రున తిరుగుతుంది. అయినా వెనక చక్రాలు తమ వంతు పని మానేస్తే ఆగే దూరం పెరుగుతుంది, ముందు డిస్కుల మీద వేడి ఇంకా పెరుగుతుంది. అందువల్ల ముందు చక్రాలకు అతిగా పట్టే రేసింగ్ ప్యాడ్ల జోలికి పోకుండా, వేడిని తట్టుకుంటూనే చల్లగా ఉన్నప్పుడు కూడా పనిచేసే రోడ్డు ప్యాడ్లు తీసుకున్నాను. వెనక డ్రమ్ములను ఏ లోటూ లేని స్థితికి తేవడం ఈ పనిలో భాగమేనని మొదటే నిర్ణయించుకున్నాను.

ఆ నిర్ణయానికి బలం ఇచ్చినది విజయవాడలో ఉన్న ఒక పెద్దాయన మాట. నాకు సాయం చేసిన, తమ్ముడని నేను పిలిచే కుర్రాడి నాన్నగారు ఆటోనగర్‌లో జీవితమంతా లారీల బ్రేకు పని చేసినవారు. వీడియో కాల్‌లో విప్పిన భాగాలన్నీ ఒక్కొక్కటిగా చూపించమన్నారు. చూశాక, "బాబూ, ముందు చక్రాలకు నువ్వు ఎంత పెద్దది పెట్టినా, వెనక షూలు డ్రమ్ముకు దగ్గరగా సర్దకపోతే పెడల్ పైకి రాదు. ముందు వెనకది చూసుకో" అన్నారు. షూకీ డ్రమ్ముకీ మధ్య సందు ఎక్కువైతే, షూలను నెట్టే వీల్ సిలిండర్ ఆ సందు దాటడానికే ఆయిల్ తాగేస్తుంది, ఆ నష్టం పెడల్‌లో కనిపిస్తుంది. కాబట్టి పనిని వెనక నుంచే ప్రారంభించాం.

డ్రమ్ము విప్పే ముందు ఒక హెచ్చరిక చెప్పాలి. ఆ కాలపు బ్రేకు లైనింగులలో, పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదమైన ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ము లోపల పేరుకున్న నల్లటి పొడిని గాలి కొట్టి ఊదడం, పొడి బ్రష్‌తో దులపడం ఎంత మాత్రం చేయకూడదు. మాస్కు పెట్టుకుని, బ్రేక్ క్లీనర్‌తో తడిపి, కిందికి కారిన ముద్దను పళ్లెంలో పట్టి, గుడ్డలతో సహా సంచిలో మూటకట్టి ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇచ్చాం. ఎవరో ఎప్పుడో షూలు మార్చి ఉంటారులే అనుకోవడానికి వీలు లేదు, ఎందుకంటే పాత పొడి అక్కడే ఉండిపోతుంది.

వెనక కుడి డ్రమ్ము తీసినప్పుడు మొదటి చూపుకు అంతా పొడిగానే కనిపించింది. వీల్ సిలిండర్ చివర ఉన్న రబ్బరు తొడుగు అంచును చిన్న స్క్రూడ్రైవర్‌తో కొంచెం ఎత్తగానే, లోపల నిలిచిన ఆయిల్ టీ డికాక్షన్ రంగులో ఒక చుక్కగా బయటికి వచ్చింది. తొడుగు దాన్ని ఇన్నాళ్లూ దాచి ఉంచింది. బయట కారలేదు కాబట్టి సిలిండర్ బాగుందనుకుని మూసేసి ఉంటే, పెద్ద మాస్టర్ సిలిండర్ వేసిన తరువాత ఆ లీకు షూల మీదికి దిగేది. రెండు వైపులా కొత్త సిలిండర్లు, కొత్త షూలు వేశాం. డ్రమ్ముల లోపలి ఇనుప పట్టీ వ్యాసాన్ని మెషిన్ షాపులో కొలిపించగా, అరుగుదల హద్దులోనే ఉందని తేలింది. పలుచగా ఒక పొర తీయించి గుండ్రంగా చేయించాం. ఈ కారులో వెనక వీల్ సిలిండర్ బ్యాక్ ప్లేటు మీద స్వేచ్ఛగా జరగాలి. తుప్పుతో బిగుసుకుపోతే ఒక్క షూ మాత్రమే డ్రమ్మును తాకుతుంది. ఆ గాడిని రుద్ది శుభ్రం చేసి, వేడికి కరగని బ్రేకు గ్రీజు పలుచగా రాశాం.

ఇక ముందు చక్రాలు. ఈ మోడల్‌లో డిస్కును హబ్ వెనక నుంచి బోల్టులతో బిగిస్తారు కనుక, డిస్కు మార్చాలంటే హబ్ మొత్తం బయటికి రావాలి, బేరింగులు విప్పాలి. అంత దూరం వెళ్లాక పాత గ్రీజును కడిగేసి, రోలర్ల మీద మరకలు, గీతలు చూసి, కొత్త సీళ్లతో కొత్త గ్రీజు నింపడం తప్పనిసరి. తిరిగి బిగించేటప్పుడు హబ్‌ను తిప్పుతూ నట్టును బిగించి, తరువాత మాన్యువల్ చెప్పినంత మేర వెనక్కి వదలాలి. బేరింగ్ వదులైతే డిస్కు ఊగి ప్యాడ్లను వెనక్కి నెడుతుంది, అప్పుడు తరువాతి బ్రేకుకు పెడల్ లోతుగా పోతుంది. బ్రేకులే చెడ్డవని నింద పడుతుంది.

స్పేసర్ విషయంలో ఎక్కువ సమయం పెట్టాను, పెట్టినందుకు తృప్తిగా ఉంది. చూడటానికి అది ఒక మందపాటి రింగు మాత్రమే. కానీ దాని రెండు ముఖాలూ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే డిస్కు వంకరగా తిరుగుతుంది. అమర్చే ముందు మైక్రోమీటర్‌తో చుట్టూ కొలిచాను. హబ్ ముఖం మీది తుప్పును రాయితో రుద్ది మెరిసేదాకా తీశాను. స్పేసర్ మందానికి తగ్గట్టు పొడవైన, ఎక్కువ బలం గల బోల్టులు వాడి, టార్క్ రెంచ్‌తో ఎదురెదురుగా బిగించాను. హబ్‌ను స్పిండిల్ మీద పెట్టి, డయల్ గేజ్ సూదిని డిస్కు అంచుకు కొద్దిగా లోపల ఆనించి చేత్తో మెల్లగా తిప్పితే, ఎడమ వైపు ఊగు మిల్లీమీటరులో నూరింట ఐదు వంతులు చూపింది. కుడి వైపు దానికి రెట్టింపుకు పైగా చూపింది. డిస్కును హబ్ మీద ఒక బోల్టు రంధ్రం మేర జరిపి మళ్లీ బిగించి చూస్తే, హబ్‌లోని చిన్న లోపమూ డిస్కులోని చిన్న లోపమూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, అదీ ఎడమ వైపు దగ్గరికి వచ్చింది. డిస్కును మళ్లీ లేతుకు ఎక్కించే ముందు ఇలా స్థానం మార్చి చూడటం మంచిది. ఖర్చు లేదు, ఇనుము నష్టపోదు.

పాత డిస్కు వెనక ఉండే రేకు కవచం కొత్త క్యాలిపర్‌కు అడ్డం వస్తుంది. కొందరు దాన్ని పూర్తిగా తీసేస్తారు. నేను అడ్డం వచ్చిన మేర కత్తిరించి, అంచును ఆకురాయితో నునుపు చేసి, తుప్పు పట్టకుండా రంగు వేశాను. వానలో డిస్కు లోపలి ముఖానికి కొంతైనా రక్షణ ఉండాలన్నది నా ఉద్దేశం. తరువాత క్యాలిపర్‌ను బిగించి, డిస్కుకు ఇరువైపులా ఉన్న ఖాళీని ఫీలర్ గేజ్‌తో కొలిచాను. డిస్కు క్యాలిపర్‌కు నడిమధ్య ఉండాలి, స్పేసర్ ఉన్నది అందుకే. ప్యాడ్లు లేకుండా చక్రం తొడిగి ఒక చుట్టు తిప్పి, రిమ్ముకు గానీ స్పోకులకు గానీ క్యాలిపర్ ఎక్కడా తగలడం లేదని చూసుకున్నాను. నా చక్రాలు 15 అంగుళాలవి కాబట్టి ఇబ్బంది లేదు. ఈ కారుతో మొదట వచ్చిన 14 అంగుళాల చక్రాలు ఉంచుకోవాలనుకునేవారు భాగాలు కొనేముందే కొలుచుకోవాలి. పునర్నిర్మితమైన క్యాలిపర్లు కొన్నప్పుడు ఒక్కొక్క పిస్టన్ రబ్బరునూ పరీక్షించడం అవసరం. నాకు వచ్చిన జతలో ఒకదాని తొడుగు గాడిలో కూర్చోకుండా మడతపడి ఉంది. అమ్మిన దుకాణం వారు మారుమాట లేకుండా మార్చి ఇచ్చారు.

క్యాలిపర్‌లో చిక్కిన గాలిని బయటికి వదిలే ఎయిర్ నిప్పల్ ఎప్పుడూ పైకి ఉండాలి. ఎడమ క్యాలిపర్ కుడి వైపు, కుడిది ఎడమ వైపు బిగిస్తే నిప్పల్ కిందికి వస్తుంది. పైన చిక్కుకున్న గాలి ఎంత సేపు పంపు చేసినా బయటికి రాదు.

పైపుల దగ్గర ఓపిక కావాలి. స్ట్రట్ మీది బ్రాకెట్ నుంచి క్యాలిపర్‌కు వెళ్లే ఇనుప పైపును కొత్త స్థానానికి తగ్గట్టు వంచాలి. అయిదు దశాబ్దాల నట్టు మామూలు పానాతో తిప్పితే మూలలు అరిగిపోతాయి. పైపు నట్టును చుట్టూ పట్టుకునే ఫ్లేర్ పానా వాడి, ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే ద్రవం పోసి ఉంచితే మూడు సులువుగా వదిలాయి. నాలుగోది పైపుతో పాటు మెలితిరిగింది. ఆ పైపును కోసేసి రాగి-నికెల్ పైపుతో కొత్తది చేశాను. ఉప్పుకూ నీళ్లకూ తుప్పు పట్టదు, చేత్తో వంగుతుంది, చివర డబుల్ ఫ్లేర్ (రెండు పొరలుగా మడిచి విచ్చిన అంచు) శుభ్రంగా వస్తుంది. అన్ని రబ్బరు గొట్టాలూ మార్చేశాను. పాత గొట్టం బయటికి చక్కగా కనిపిస్తూనే లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది. అప్పుడు తొక్కిన ఆయిల్ చక్రం దాకా వెళ్తుంది గానీ తిరిగి రాదు, బ్రేకు పట్టుకుని వదలదు. తీసిన గొట్టాలలో ఒకదాన్ని పొడవునా చీల్చి చూస్తే, లోపలి రంధ్రం సూది పట్టేంత మాత్రమే మిగిలి ఉంది.

నా దృష్టిలో ఈ పని మొత్తంలో అత్యంత జాగ్రత్త కోరేది మాస్టర్ సిలిండర్‌కూ బూస్టర్‌కూ మధ్య ఉన్న చిన్న పుష్‌రాడ్. సిలిండర్ రెండు నట్లతో బూస్టర్ మీద కూర్చుంటుంది, మార్చడం పది నిమిషాల పని. కానీ పుష్‌రాడ్ కొనకూ సిలిండర్ పిస్టన్‌కూ మధ్య సన్నని సందు ఉండి తీరాలి. సందు ఎక్కువైతే పెడల్ మొదటి భాగం వృథాగా పోతుంది. సందు లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ డబ్బాలోకి తెరుచుకోవలసిన రంధ్రం మూసుకునే ఉంటుంది. బ్రేకులు వేడెక్కి ఆయిల్ వ్యాకోచించినప్పుడు దానికి పోయే దారి లేక ప్యాడ్లను డిస్కు మీదికి తానే నొక్కుతుంది, దానితో వేడి ఇంకా పెరుగుతుంది. కొండ మీద ఇలాంటిది జరిగితే కారు తనంతట తానే బిగుసుకుపోతుంది. సిలిండర్ వెనక లోతునూ, రాడ్ బయటికి వచ్చిన పొడవునూ విడివిడిగా కొలిచి, తేడాను సర్దాను. పిస్టన్ మీద చిన్న మట్టి ముద్ద పెట్టి ఒకసారి బిగించి విప్పి, ముద్ద మందం చూసి నిర్ధారించుకున్నాను. సర్దడానికి రాడ్‌ను బయటికి లాగకూడదు. బూస్టర్ లోపల దాని వెనక ఒక రబ్బరు బిళ్ల ఉంటుంది, లాగితే అది జారి లోపల పడిపోతుంది. అలా పడిన కార్లలో బ్రేకు తాకితే చాలు, ఎగిరి పట్టినట్టు పడుతుంది. జెడ్ కార్ల యజమానులు కొందరు ఆ లక్షణాన్ని కొత్త బ్రేకుల బలం అనుకుంటారు.

బ్రేకు పైపుల్లో చిక్కిన గాలి తీయడానికి ముందు కొత్త మాస్టర్ సిలిండర్‌ను వైసులో పట్టి, దాని రంధ్రాల నుంచి డబ్బాలోకే చిన్న గొట్టాలు పెట్టి బుడగలు ఆగేదాకా పంపు చేశాం. ఆయిల్ డాట్ 4 రకం పోశాం. కొత్తగా ఉన్నప్పుడు దాని మరుగు స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్, తేమ పీల్చుకున్న తరువాత కనీసం 155 డిగ్రీలు ఉండాలన్నది ప్రమాణం. డాట్ 3కి ఆ అంకెలు 205, 140. ఏడాదులు గడిచిన కొద్దీ గాలిలోని తేమే ఆయిల్‌ను బలహీనపరుస్తుందని ఈ అంకెలే చెబుతాయి. సిలికాన్‌తో చేసిన డాట్ 5 రంగును పాడుచేయదు కాబట్టి పాత కార్లవారికి ఇష్టం. అది పాత ఆయిల్‌తో కలవదు, పెడల్‌ను కాస్త మెత్తబరుస్తుంది కనుక నేను వద్దనుకున్నాను.

మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న కుడి వెనక చక్రంతో మొదలుపెట్టి, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు అన్న వరసలో గాలి తీశాం. తమ్ముడు సీట్లో కూర్చుని తొక్కుతుంటే నేను కింద నిప్పల్ దగ్గర ఉన్నాను. "తొక్కు" అంటే "తొక్కానన్నా, పట్టుకున్నా" అని జవాబు వచ్చేది. నిప్పల్ వదిలి, మళ్లీ బిగించి "వదులు" అనేవాణ్ణి. నిప్పల్ బిగించకముందే పెడల్ వదిలితే బయటికి పోయిన గాలి తిరిగి లోపలికి వస్తుంది కాబట్టి, ఈ పిలుపూ జవాబూ తప్పకుండా పాటించాలి. ముందు క్యాలిపర్లను రబ్బరు సుత్తితో అక్కడక్కడ తడితే, లోపల అంటుకున్న సన్నటి బుడగలు గుంపుగా పారదర్శకమైన గొట్టంలోకి వచ్చేశాయి. ఇంజను ఆపి తొక్కినప్పుడు పెడల్ గట్టిగా నిలబడింది. తొక్కి పట్టుకుని ఇంజను స్టార్ట్ చేస్తే బూస్టర్ అందుకుని పెడల్ కొద్దిగా దిగింది. రెండూ అలాగే జరగాలి.

కొత్త ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేయడం నిర్లక్ష్యం చేయకూడని పని. ఉదయాన్నే ఖాళీగా ఉండే పారిశ్రామిక ప్రాంతపు రోడ్డు మీద గంటకు 50 మైళ్ల నుంచి 10 మైళ్ల దాకా వేగం తగ్గించడం, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం అందుకోవడం, అలా వాసన వచ్చేదాకా చేసి, తరువాత బ్రేకు తాకకుండా కొన్ని మైళ్లు నడిపి చల్లార్చాను. వేడి డిస్కు మీద ప్యాడ్లను నొక్కి ఉంచి ఆపేస్తే ఆ చోట పదార్థం అంటుకుని, తరువాత పెడల్‌లో అదురు వస్తుంది.

ఆ తరువాతే మౌంట్ హామిల్టన్ ఎక్కాను. ఉష్ణోగ్రత కొలవడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తీసుకెళ్లాను. మెరిసే ఇనుము మీద ఆ పరికరం తక్కువ చూపిస్తుంది కాబట్టి, డిస్కు అంచు మీద వేడిని తట్టుకునే నల్లరంగు చిన్న పట్టీగా వేసి, మార్పుకు ముందు పాత డిస్కులతో ఒకసారి, ఇప్పుడు కొత్తవాటితో ఒకసారి ఒకే చోట కొలిచాను. స్మిత్ క్రీక్ వంతెన దగ్గర పాత డిస్కు 300 డిగ్రీలు దాటి చూపింది. కొత్త డిస్కు, నాకు చేతనైనంత వరకు అదే వేగంతో, అదే గేరులో దిగిన తరువాత, 200 డిగ్రీలకు కొంచెం పైన ఆగింది. చలి, ఎండ, ముందు వెళ్లే వాహనాల తేడాలు ఉంటాయి కనుక ఈ అంకెలను ప్రయోగశాల ఫలితంగా నేను చెప్పను. పెడల్ మాత్రం కొండ అడుగున కూడా శిఖరం దగ్గర ఉన్న ఎత్తులోనే ఉంది, వాసన లేదు. వెనక డ్రమ్ములు కూడా చేతికి వేడిగా తగిలేంత వేడెక్కాయి, అంటే అవి తమ వంతు పని చేస్తున్నాయి.

ఒక్కసారి గట్టిగా తొక్కి ఆపితే కారు పాతదానికంటే తక్కువ దూరంలో ఆగుతుందా అని అడిగేవారున్నారు. నా టైర్లు పాతవే కాబట్టి చెప్పుకోదగ్గ తేడా నాకు కనిపించలేదు. మారినది కాలికి అందే నియంత్రణ: చక్రం లాక్ అయ్యే అంచు ఎక్కడుందో ఇప్పుడు పెడల్‌లో ముందుగానే తెలుస్తుంది, అక్కడే ఆపి పట్టుకోగలుగుతున్నాను. ముందు భాగం బరువు కొంత పెరిగింది. ఇనుప క్యాలిపర్లు, మందపాటి డిస్కులు చక్రంతో పాటు కదిలే బరువు కాబట్టి గతుకుల రోడ్డు మీద స్టీరింగ్‌లో ఆ తేడా తెలుస్తోంది. దానికి నేను సమ్మతించే ఈ దారి ఎంచుకున్నాను.

వెనక లైనులో చేత్తో సర్దుకునే ప్రపోర్షనింగ్ వాల్వ్ పెట్టమని కొందరు సలహా ఇచ్చారు. ఆ వాల్వ్ వెనక పీడనాన్ని తగ్గించగలదు గానీ పెంచలేదు. నా కారులో వెనక వాటా ఇప్పటికే తగ్గి ఉంది కనుక దానివల్ల ఒరిగేది లేదు. కంపెనీ పెట్టిన వాల్వ్‌నే ఉంచాను. కొత్త వెనక షూలు పూర్తిగా కూర్చున్నాక డ్రమ్ముల సందు మరోసారి సర్దాలి, హ్యాండ్ బ్రేక్ కేబుల్ కూడా అప్పుడే బిగించాలి. ఆయిల్ రెండేళ్లకోసారి మార్చడానికి తేదీ రాసి డబ్బా మూత మీద అంటించాను.